కనుమ దాకా ఉండిపోరా

దండం కటవారియా సరాయ్, నీకు వెయ్యి దండాలు.

ఒక పక్క ఢిల్లీ ఐఐటీ ప్రహరీ గోడ. ఒక పక్క లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం. ఆ పైన సంజయ్ వన్ అడవి, అందులో నిండా మన చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మే. షహీద్ జీత్ సింగ్ మార్గ్ మీద బస్సు దిగి నీ గల్లీలోకి మళ్లగానే ఆకాశం సన్నబడిపోతుంది. ఎదురెదురు బాల్కనీలు చేతికి చెయ్యి అందించుకుంటాయి. కరెంటు తీగలు, నెట్ కేబుళ్లు, ఆరేసిన తువ్వాళ్లు కలిసి నెత్తిన పందిరి వేస్తాయి. ఆ పందిరి కింద మంచినీళ్ల డబ్బాల బండి, పాత నోట్సులు అమ్మే కొట్టు, జిరాక్సు మిషను, పరాఠాల పెనం, "రూమ్ చాహియే భయ్యా?" అంటూ వెంటపడే బ్రోకరు.

నువ్వు అందమైనదానివని ఎవరూ అనరు, నేనూ అనను. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేయకపోతే అక్షరం కనపడని గదులు నీవి. కరెంటు యూనిట్‌కు సర్కారు రేటు కన్నా పైన గుంజే ఓనర్లు నీవాళ్లు. అయినా నీకే దండం. ఎందుకంటే నీ సంగతి నాకు తెలుసు. 1908లో తెల్లదొరల రెవెన్యూ కాగితాల్లో ఢిల్లీ పల్లెల ఇళ్ల చుట్టూ ఓ ఎర్రగీత పడింది. దాన్నే లాల్ డోరా అన్నారు. గీత లోపల ఇళ్లు, గీత బయట పొలాలు. స్వతంత్రం వచ్చాక ఈ చుట్టుపక్కల పొలాలన్నీ చదువుల కిందికి పోయాయి. 1961లో ఇంజినీరింగ్ కాలేజీ లేచి 1963లో ఐఐటీ అయింది. 1969లో జేఎన్‌యూ వచ్చింది. ఆ తర్వాత ఆఫీసులు, ఇన్‌స్టిట్యూట్లు. పొలం పోయినవాళ్లకు మిగిలింది గీత లోపలి జాగా ఒక్కటే. పక్కకు జరగడానికి వీల్లేక దాన్ని పైకి పెంచారు. గోధుమలు పండించిన చేతులు అద్దెలు పండించడం నేర్చుకున్నాయి. పంట పోయినా ఊరు పోని ఊరివి నువ్వు. ఊరు పోగొట్టుకోకుండా చదువు కోసం దూరం వచ్చినవాళ్ల బాధ నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

నీ గదుల్లోకి మా పిల్లలు వచ్చారు. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి. ఇంజినీరింగ్ సర్వీసు పరీక్ష కోచింగుకు కొందరు, గేట్ కోసం కొందరు, జేఎన్‌యూలో సీటొచ్చి హాస్టలు రాక కొందరు, సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రం చదవడానికి కొందరు. ఆ విశ్వవిద్యాలయమూ, తిరుపతిలోని మన సంస్కృత విద్యాపీఠమూ 2020లో ఒకే చట్టం కింద కేంద్ర విశ్వవిద్యాలయాలయ్యాయి. అందుకే కాబోలు, దాని గేటు ముందు టీ బడ్డీ దగ్గర రాయలసీమ యాస చెవిన పడినా నాకెప్పుడూ వింతనిపించలేదు.

పాస్‌పోర్టు అడిగినవాడు లేడు, వీసా అడిగినవాడు లేడు. అయినా మా పిల్లలకు అది పరదేశమే. అన్నం బదులు రొట్టె. ఎండ బదులు పొగమంచు. తెల్లారి బకెట్‌లో చెయ్యి పెడితే ఎముక కొరికే నీళ్లు. అన్నిటికన్నా వింత, పేరు మారిపోవడం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఢిల్లీవాడికి మొదట ఉన్నదే పేరు. దాంతో కోచింగు రిజిస్టరులో, పీజీ రసీదులో, కొరియర్ కుర్రాడి నోట్లో పిల్లాడు తన పేరు పోగొట్టుకుని తాత ముత్తాతల ఇంటిపేరుగా తిరుగుతాడు. "కొమ్మినేనీ, పార్సిల్!" అని కింద నుంచి కేకేస్తే, ఆ కేక తనకేనని తెలియడానికి ఒక క్షణం పడుతుంది. ఇంట్లో చిట్టి, బళ్లో బుజ్జి, వీధిలో పండు. ఇక్కడ ఇవేవీ కాదు.

అలాంటి ఊళ్లో ఒక సాయంత్రం మెట్ల కింద నుంచి "ఒరేయ్ పండూ!" అన్న కేక వినపడితే ఎలా ఉంటుందో, దాని కోసమే ఈ స్తోత్రం.

నీ మేడలకో పంచాంగం ఉంది, సరాయ్. దసరాకు ముందే మూడో అంతస్తులో బెంగాలీ అమ్మాయిల గదికి తాళం పడుతుంది. దీపావళి అయిన ఆరో రోజు ఛఠ్. దానికోసం బీహార్ పిల్లలు రైలు బోగీ తలుపులకు వేలాడుతూనైనా వెళ్లిపోతారు, ఆ వారం నీ పరాఠాల పెనం కూడా చల్లారుతుంది. డిసెంబరు మూడో వారంలో క్రిస్మస్‌కు మలయాళీలు, ఈశాన్య రాష్ట్రాలవాళ్లు. ఒక్కో పండక్కి మేడలో ఒక్కో వరుస చీకటవుతుంది. జనవరిలో మా వరుస చీకటి కావాలి. కాదు. సంక్రాంతికి మా గదుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

కారణం పరీక్షలు. 2017లో ఇంజినీరింగ్ సర్వీసుకు ప్రిలిమ్స్ పెట్టారు. ఆ ఏడాది నుంచి 2020 దాకా అది జనవరి మొదటి పది రోజుల్లోనే వచ్చేది. ఆ తర్వాత కొన్నేళ్లు ఫిబ్రవరికి జరిగింది. గేట్ ఎటూ ఫిబ్రవరి మొదట్లోనే. పండగ వీటి మధ్యనో, వీటికి కాస్త ముందో వచ్చి కూర్చుంటుంది. ఒక పరీక్ష రాసి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో పరీక్ష. పోనీ పండగ మూడు రోజులూ వెళ్లొద్దామా అంటే, ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అని పిలిచిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ చేరడానికే ఇరవై ఆరు గంటలు. దాదాపు 1,700 కిలోమీటర్లు. జనవరి పొగమంచులో ఆగ్రా దాటేసరికే ఆ లెక్క తప్పుతుంది. టికెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది; అంటే ఇప్పుడు కార్తీకంలో కొనాలి, అదివరకైతే వినాయక చవితి దాటగానే కొనాల్సి వచ్చేది. మాక్ టెస్టులో ఎన్ని మార్కులొస్తాయో తెలియనివాడు రెండు నెలల తర్వాత తనకు పండగ ఉందో లేదో ఏం చెబుతాడు? పైగా సంక్రాంతి ఢిల్లీ ఆఫీసుల్లో కావాలంటే పెట్టుకునే ఐచ్ఛిక సెలవే తప్ప అందరికీ ఇచ్చే సెలవు కాదు. కోచింగులో ఆ రోజూ క్లాసుంటుంది. మన రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లు మూతపడి హైదరాబాద్ విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరిన రోజున, ఇక్కడ మాస్టారు బోర్డు మీద కొత్త చాప్టరు మొదలుపెడతాడు.

అందుకని పండగే రైలెక్కి ఇటు వస్తుంది. ఊరి నేస్తం రూపంలో.

ఊరి నేస్తమా, నీకు దండం. నువ్వు ఎక్కడెక్కడి నుంచో వస్తావు. గురుగ్రామ్ అద్దాల మేడలో కొలువు చేస్తూ వస్తావు. రూర్కీలో చదువుతూ, తెల్లవారుజామున బస్సెక్కి, మఫ్లరు చెవుల దాకా చుట్టుకుని వస్తావు. జేఎన్‌యూ హాస్టలు నుంచి నడిచి వస్తావు. ఏదో ఆసుపత్రిలో నైటు డ్యూటీ దిగి, కళ్లు ఎర్రగా, స్కార్ఫు కింద మల్లెపూలు లేని జడతో డాక్టరమ్మవై వస్తావు. మన ఊళ్లో ఉండగా నీకూ నాకూ పెద్ద స్నేహం కూడా లేకపోవచ్చు. బళ్లో నువ్వు బీ సెక్షను, నేను ఏ సెక్షను. క్రికెట్టులో నువ్వు అవతలి వీధి టీము. ఢిల్లీ ఆ గొడవలన్నీ కొట్టేస్తుంది. నీకు మా నాన్న బండి చప్పుడు తెలుసు. మా వీధి చివర నీళ్ల ట్యాంకు ఏ ఏడు కారడం మొదలుపెట్టిందో తెలుసు. సైన్సు మాస్టారి బెత్తం పేరు తెలుసు. నా గురించి నేను చెప్పుకోనక్కర్లేని మనిషివి నువ్వు. ఇంత పెద్ద నగరంలో, ఎవరికి కనపడినా ఊరు, కులం, ర్యాంకు, ప్లానూ అన్నీ మొదటి నుంచి వివరించుకోవాల్సిన నగరంలో, ఏమీ చెప్పనక్కర్లేకుండా పక్కన కూర్చోగలిగినవాడు దొరకడం కన్నా సెలవేముంది?

ముందు నుంచి తెలిసిన నేస్తం లేనివాళ్లు వెతికి పట్టుకుంటారు. అదొక తంతు. పరాఠాల బండి దగ్గర ఎవడో ఫోనులో "తిన్ననే అమ్మా, నువ్వు తిన్నవా?" అంటాడు. ఆ ఒక్క ముక్క చాలు.

"అన్నా, తెలుగా?"

"ఆఁ తమ్మీ. ఏడ మీది?"

"జగిత్యాల."

"జగిత్యాల్ల ఏడ?"

"ధర్మపురి దిక్కు."

"అరె! మాది కోరుట్ల!"

కోరుట్లకూ ధర్మపురికీ మధ్య ఎంత దూరమో మన దగ్గరున్నప్పుడు ఇద్దరికీ తెలుసు. బస్సు మారాలి. కటవారియా సరాయ్‌లో మాత్రం ఆ రెండూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్లు. జిల్లా కలిస్తే చాయ్. మండలం కలిస్తే భోజనం. ధర్మపురి నరసింహస్వామి జాతరలో ఇద్దరూ ఒకే ఏడాది తప్పిపోయి మైకులో పేరు చదివించుకున్నవాళ్లని తేలిందా, ఇక ఆ రాత్రికి రజాయి కూడా ఒకటే. ఉత్తరాంధ్ర పిల్లలైతే "ఏటిరా, తిన్నావేటి?" అన్న పలకరింపుతోనే పని అయిపోతుంది, జిల్లా అడగనే అడగరు.

పదమూడో తారీకు. భోగి. ఇంటి దగ్గర నాలుగు గంటలకే మంట వేసి ఉంటారు. అమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఫోను తెర నిండా ఎర్రటి వెలుగు, పాత తలుపు చెక్కలు, ఆవుపేడ పిడకల దండ, చెల్లి నవ్వు. ఇక్కడ గదిలో హీటరు తీగ ఒక్కటే ఎర్రగా ఉంటుంది. చలికాలంలో ఢిల్లీ గాలి మరీ విషమవుతుందని బహిరంగంగా ఏదీ కాల్చకూడదంటారు, ఆ మాటలో న్యాయమూ ఉంది. ఓనరుగారి డాబా మీద భోగి మంట వేయాలన్న ఆలోచన ఏటా పుడుతుంది, ఏటా చాయ్‌తో పాటు చల్లారిపోతుంది.

అయినా పొద్దు గుంకాక వింత జరుగుతుంది. ఆ తారీకే పంజాబీవాళ్ల లోహడీ. రూలు ఎలా ఉన్నా స్వీటు షాపు ముందు, రోడ్డు మలుపులో, చిన్న మంటలు లేస్తాయి. మనం తెల్లవారుజామున వేసే మంటను వాళ్లు సాయంత్రం వేస్తారు, అంతే తేడా. వేరుశనగలు, పాప్‌కార్న్, నువ్వుల రేవడీ, గజక్ పళ్లెంలో పట్టుకుని అగ్నికి కొంచెం, నోటికి కొంచెం వేస్తుంటారు. ఆ మంట పక్కకు మా పిల్లలు నలుగురు మెల్లిగా చేరతారు. చేతులు చాపుతారు. ఒకడు జేబులోంచి పాత హాల్‌టికెట్టు తీసి, అటూ ఇటూ చూసి, మంటలో పడేస్తాడు. పక్కన ఊరి నేస్తం అదేంటని అడగడు. షాపు సర్దార్జీ మాత్రం చూసి నవ్వి, గుప్పెడు రేవడీ వాడి చేతిలో పోస్తాడు. పొద్దున అమ్మ ఫోనులో వెలిగిన భోగి రాత్రికి ఇలా పూర్తవుతుంది. నేను చూసిన భోగి పండగల్లో ఇంత పొడవైన రోజు ఇంకోటి లేదు.

మర్నాడు పెద్ద పండగ. ఆ పొద్దు అమ్మాయిలది. పీజీ గేటు రాత్రి ఇన్ని గంటలకని మూసేస్తారు, ఆ రూలు మీద వాళ్లకు ఉన్నంత కోపం ఎవరికీ లేదు. కానీ తెల్లవారుజామున గేటు లోపలి జాగా మొత్తం వాళ్లదే. చలికి వేళ్లు వంకర్లు పోతుంటే ఒకమ్మాయి చుక్కలు పెడుతుంది, ఒకమ్మాయి టార్చి పట్టుకుంటుంది. బియ్యప్పిండి దొరక్క గోధుమపిండి. రంగుల కోసం హోలీకి మిగిలిపోయిన గులాలు. పేడకు మాత్రం ఢిల్లీలో కరువు లేదు. గల్లీకో ఆవు. గొబ్బెమ్మలు చక్కగా కుదురుతాయి. గుమ్మడిపూలు ఎక్కడివి, బంతిపూలే. ఇంటి ఆంటీజీ శాలువా కప్పుకుని మెట్లు దిగి వస్తుంది, అరుస్తుందేమోనని అందరూ బిగుసుకుపోతారు. ఆమె ఆ గొబ్బెమ్మలను చూసి, తమ ఇంట్లో దీపావళి మర్నాడు గోవర్ధన పూజకు పేడతో ఇలాగే చేస్తామని చెప్పి, ముగ్గు తొక్కకుండా గోడ వారగా నడిచి వెళ్తుంది. ఆ రోజంతా ఆ మేడలో ఎవరూ ముగ్గు తొక్కరు. ఇస్త్రీ బట్టల కుర్రాడు కూడా మూటను నెత్తిన పెట్టుకుని గోడ వారగానే పోతాడు.

ఆకాశంలో గాలిపటాలు ఉండవు. హైదరాబాద్‌లో ఆ వేళకు మాంజా కోసుకున్న వేళ్లకు పసుపు రాసుకుంటుంటారు. ఢిల్లీవాడు గాలిపటం ఎగరేసేది ఆగస్టు పదిహేనున. జనవరి ఆకాశం ఇక్కడ పొగమంచుది. మంచు విడిన మధ్యాహ్నాల్లో డాబా ఎక్కితే దక్షిణాన కుతుబ్ మినార్ కనపడుతుంది. ఎండలో కూర్చుని నారింజలు ఒలుచుకుంటూ దాన్ని చూడటమే ఆ రోజు వేడుక.

ఇక సంచి విప్పాలి. ఊరి నేస్తం సంచి!

అన్నలారా, అక్కలారా, దాన్ని వర్ణించాలంటే ఒక దండకం చాలదు. ఊరికి వెళ్లొచ్చినవాడు తన సొంత బట్టలు తగ్గించుకుని మోసుకొచ్చిన సంచి అది. మూడిళ్ల అమ్మలు మూడు పేర్లు రాసి ఇచ్చిన స్టీలు డబ్బాలు అందులో ఉంటాయి. వరంగల్ డబ్బా మూత తీస్తే సకినాలు, నువ్వూ వామూ కలిసిన వాసన. తణుకు డబ్బాలో అరిసెలు, నెయ్యి పేరుకుని ఒకదానికొకటి అంటుకుపోయి. ఆత్రేయపురం పూతరేకులు రైల్లోనే సగం పొడైపోయాయి, ఆ పొడి కోసమే కొట్లాట. 2023లో వాటికి జీఐ గుర్తింపు వచ్చిందట. గుర్తింపు వచ్చిన పూతరేకునైనా రాని పూతరేకునైనా అప్పర్ బెర్తువాడి సూట్‌కేసు నలిపేస్తుంది. అడుగున ఆవకాయ సీసా, దాని చుట్టూ నాలుగు పాలిథిన్ సంచులు, ఆ పైన పాత స్వెటరు. నూనె అయినా కారుతుంది. స్వెటరు మీద ఆ మరక చలికాలమంతా ఉంటుంది, ఉతికినా పోదు, పోవాలని ఎవరూ కోరుకోరు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అప్పుడు ఢిల్లీ గదుల్లో కూడా మాటామాటా పెరిగిన రాత్రులున్నాయి, లేవని బుకాయించను. ఒకే చూరు కింద పడుకుంటూ రెండు నెలలు మాట్లాడుకోని రూమ్మేట్లు ఉన్నారు. వాళ్లను మళ్లీ కలిపింది ఏ నాయకుడూ కాదు. సకినమూ అరిసే ఒకే పేపరు మీద పెట్టుకుని తినే కరువు. ఇంటి దగ్గరైతే ఎవరి పండగ వంట వాళ్లది, పక్క ప్రాంతపు పిండివంట రుచి చూసే పనే పడదు. అరిసె తియ్యదనానికి సకినం ఉప్పదనం ఎంత చక్కగా కుదురుతుందో నాకు తెలిసింది కటవారియా సరాయ్‌లోనే.

మధ్యాహ్నం అన్నం. బాస్మతి వద్దని ఒకడు మొండికేస్తాడు. ఐఎన్‌ఏ మార్కెట్‌లో దక్షిణాది సరుకుల కొట్లున్నాయి, అక్కడికి మెట్రోలో వెళ్లి సన్నబియ్యం మోసుకొస్తారు. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో బయటికొచ్చిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనేది, దొరికితే ఆ రోజు జాతకం బాగున్నట్టే. కుక్కరు ఒక్కటే. ముందు పప్పు, తర్వాత అన్నం, మళ్లీ అన్నం, ఎందుకంటే వస్తామన్నవాళ్లు ఆరుగురు, వచ్చినవాళ్లు పదకొండుమంది. గారెలకు మినప్పప్పు రుబ్బడానికి మిక్సీ లేక పక్క మేడ మరాఠీ అమ్మాయిని అడిగి తెస్తారు. ఆమెకూ ఒక ప్లేటు. వాళ్ల దగ్గరా సంక్రాంతేనని, నువ్వులూ బెల్లం ఇచ్చి తియ్యగా మాట్లాడమంటారని ఆమె చెబుతుంది. మాటలు తియ్యగా ఉండడం ఆ గదిలో కష్టమే. ఆవకాయ చివరి ముక్క ఎవరిదన్న దగ్గర ఎవడూ తగ్గడు.

వండుకునే ఓపిక లేనివాళ్లు హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కి పటేల్ చౌక్‌లో దిగి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనుకు పోతారు. అక్కడ పప్పు, కారప్పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. ఆ క్యూలో నిలబడితే ఊరివాళ్లు తగులుతారన్నది పాత నమ్మకం, చాలాసార్లు నిజమూ అవుతుంది. ఢిల్లీలో తెలుగువాళ్లు కట్టుకున్న చోట్లు ఇంకా ఉన్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బళ్లున్నాయి. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది. దాని దగ్గరి మెట్రో స్టేషనుకు ఇప్పుడు దుర్గాబాయి పేరే. అవన్నీ గొప్పవే. కానీ పండగ పూట సభలో శాలువా కప్పించుకునే తెలుగుదనం కన్నా, చల్లటి నేల మీద న్యూస్‌పేపరు పరిచి వడ్డించే తెలుగుదనమే నాకు ఎక్కువ. ఇది నా పక్షపాతం, ఉండనీయండి.

ఆ న్యూస్‌పేపరు మీద భోంచేసినవాళ్లలో ఐఐటీలో చదివే మా ఊరి కుర్రాడొకడు ఒక చలికాలం జర్మనీకి ఎక్స్‌ఛేంజి మీద వెళ్లాడు, ఒక సెమిస్టరుకు. అతని ఫోను ఇంకా గుర్తుంది. "అన్నా, డిసెంబరు 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా కొట్లన్నీ బంద్. హాస్టల్లో ఇటాలియన్ లేడు, స్పెయినోడు లేడు. కారిడారులో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ." యూరప్‌లో 1987లో ఎరాస్మస్ పథకం మొదలైనప్పటి నుంచి లక్షలాది పిల్లలు ఇలా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఒక సెమిస్టరు, రెండు సెమిస్టర్లు పోతూనే ఉన్నారు. వాళ్లకు ఇల్లు రైలెక్కితే వచ్చేంత దూరం. మనవాడికి రెండు విమానాల దూరం. మనవాడేం చేశాడు? ఏడో తరగతి దాకా తనతో ఒకే బెంచీలో కూర్చున్నవాడు బెర్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నాడని ఎలాగో పట్టుకుని, మ్యూనిక్ నుంచి రాత్రి బస్సెక్కాడు. క్రిస్మస్ నాడు ఇద్దరూ కలిసి టమాటా పచ్చడి నూరారట, రోలు లేక కాఫీ కప్పులో గరిట వెనక భాగంతో. బెర్లిన్ చూశావా అంటే ఏమో అన్నాడు. గోడ చూశావా అంటే కిటికీలోంచి మంచు చూశానన్నాడు. మూడు రోజులూ వాళ్ల బడి వెనక ఉండే రేగుచెట్టు గురించే మాట్లాడుకున్నారట. నేను అతన్ని ఏమీ అనలేదు. కటవారియా సరాయ్‌లో చదివినవాడికి సెలవంటే ఏమిటో తెలుసు.

వెనక్కి పోతే ఈ దారి చాలా పొడుగు. వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, ఐర్లండ్ అట్టుడుకుతున్న 1916లో తిరిగొచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరారు. ఆ తర్వాత మన నేల మీద అడుగు పెట్టలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. మధ్యలో 26 సంక్రాంతులు. కోడిపందేలకు ఊరంతా కదిలే భీమవరం మనిషికి 26 సార్లు జనవరి వచ్చి పోయింది. ప్రపంచానికి ఎన్నో మందులు అందించిన ఆయన ప్రయోగశాల తలుపును ఒక్క పండక్కైనా భీమవరం వాళ్లెవరైనా తట్టారో లేదో! తట్టి ఉంటే బాగుండునని ఒక పిచ్చి కోరిక.

అందరూ తలుపు తీస్తారని కాదు. ఇది కూడా చెప్పాలి. రెండుసార్లు ప్రిలిమ్స్ పోయినవాడు ఊరివాణ్ణి చూస్తే పక్క గల్లీలోకి తప్పుకుంటాడు. ఊరి నేస్తం అంటే ఊరికి కబురు మోసేవాడు కూడా. "మావాడు ఎలా చదువుతున్నాడు?" అని అక్కడ వాళ్ల నాన్న అడుగుతాడు, ఇతను ఏదో చెప్పాలి. అందుకే పండగ మూడు రోజులూ గది లోపల గడియ పెట్టుకుని, ఫోను సైలెంటులో పెట్టి, లైటు ఆర్పి పడుకునేవాళ్లు నీ మేడల్లో ఉన్నారు సరాయ్. వాళ్లకే నేస్తం ఎక్కువ అవసరం. మంచి నేస్తం ఆ తలుపు ముందు నిలబడి ర్యాంకు అడగడు. "మినప్పప్పు నానబెట్టాను, రుబ్బడానికి మనిషి కావాలి, రా" అంటాడు. పని చెప్పి పిలిస్తే వస్తారు. జాలిపడి పిలిస్తే రారు. ఇది నీ గల్లీల్లో నేర్చుకున్న విద్య.

మూడో రోజు కనుమ. నేస్తం సంచి సర్దుకుంటాడు. మర్నాడు ఆఫీసు, మీటింగు, క్లాసు. అప్పుడు తెలుగువాడి అమ్ములపొదిలోని ఒక్క బాణం బయటికి వస్తుంది: కనుమ నాడు కాకైనా కదలదు! ఇంటి దగ్గర అమ్మమ్మ ఈ మాట అంటే విసుక్కున్నవాడే ఇక్కడ రెండు చేతులూ చాపి ద్వారబంధానికి అడ్డం నిలబడి అంటాడు. కనుమ నాడు మినుము తినాలి కదా, గారెలింకా ఉన్నాయి కదా, ఎటు పోతావురా? మేనేజరుకు మెసేజ్ పెట్టు. జ్వరమని పెట్టు, పొగమంచని పెట్టు, ఏదైనా పెట్టు. నేస్తం బూట్లు విప్పేస్తాడు. ఆ బూట్లు విప్పిన చప్పుడుకు మరో దండం.

ఆ రాత్రి నాలుగు రజాయిల కింద తొమ్మిదిమంది. ఎవడి కాళ్లు ఎవడివో తెలియదు. మాటలన్నీ ఊరివే. ఎవరి పెళ్లి కుదిరింది, ఏ చెరువు ఈసారి నిండింది, సంతలో ఎవడు ఎవణ్ణి కొట్టాడు, రైసు మిల్లు ఎవరు కొన్నారు, హైస్కూలు గోడ ఎప్పుడు పడింది. పాఠం ఊసు లేదు. కిటికీ బయట మాత్రం నువ్వు మామూలుగానే ఉంటావు సరాయ్. జిరాక్సు మిషను తిరుగుతుంటుంది. మేస్త్రీలు ఇంకో అంతస్తు లేపుతుంటారు. బ్రోకరు ఎవరికో గది చూపిస్తుంటాడు. రాబోయే బ్యాచిలో అందులోకి దిగేది తుని కుర్రాడో, నిర్మల్ పిల్లో.

చదివేవాళ్లకు ఒక్క మాట. ఈ జనవరిలో మీ ఊరి పిల్లలెవరైనా ఢిల్లీలో ఉండిపోతున్నారేమో కనుక్కోండి. వాళ్ల అమ్మనడిగి ఫోన్ నంబరు తీసుకోండి. మీరే అటు వెళ్లే పని ఉంటే సంచిలో ఒక డబ్బాకు చోటుంచండి, సకినాలో అరిసెలో, ఏవైనా సరే. హౌజ్ ఖాస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే కటవారియా సరాయ్ పక్కనే. గదికి వెళ్లాక ర్యాంకు అడగకండి. తిరుగు టికెట్టు మాత్రం కనుమ దాటాకే తీయండి.